సరిహద్దు షాపు లెక్కల్లో తేడాలు: ఎక్కడ పుడతాయి, ఎలా సరిచేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్ళలో తెలుగువాళ్ళ షాపులు ఒకే పద్ధతిలో నడుస్తాయి. సరుకు చాలావరకు విశాఖపట్నం, విజయనగరం, పార్వతీపురం నుంచి దిగుతుంది. కొనేవాళ్ళలో ఊరివాళ్ళుంటారు, ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళూ ఉంటారు. షాపు ఒడిశాలో ఉంటుంది, బేరం రెండు రాష్ట్రాలతో నడుస్తుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఈ సంగతి ప్రతి బిల్లులోనూ లెక్కకొస్తోంది.

ఇలాంటి షాపు రోజూ కూర్చునే గుమస్తాను పెట్టుకోలేదు. అందుకే నెలకు కొన్ని రోజులు వచ్చి పుస్తకాలు చూసిపెట్టే మనిషిని మాట్లాడుకుంటారు. నేను చేసేది ఆ పనే. బిల్లులు టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎక్కించడమే ఈ ఉద్యోగమని చాలామంది యజమానులు అనుకుంటారు. ఎక్కించడం ఇందులో తేలిక భాగం. తేడా ఏ నెలలో పుట్టిందో ఆ నెలలోనే దాన్ని పట్టుకోవడం అసలు పని. అదే తేడా ఏడాది చివర సీఏ గారి బల్ల మీద బయటపడితే అప్పటికి కాగితం దొరకదు, సరుకు అమ్మినాయన ఫోను ఎత్తడు, సవరణకు గడువు ఉంటుందో లేదో తెలియదు.

తరచూ ఎదురయ్యే తేడాలు కింద రాశాను. షాపు యజమానులకూ, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ పనికొస్తాయి.

నగదు ఖాతా మైనస్‌లో కనిపిస్తోంది

పుస్తకం తెరవగానే నేను మొదట చూసేది ఇదే. గల్లాపెట్టెలో సున్నా ఉండొచ్చు, సున్నా కంటే తక్కువ ఉండదు. పుస్తకంలో ఉందంటే ఒక పద్దు తప్పిపోయిందని, లేదా తప్పు తేదీన పడిందని అర్థం.

ఉదాహరణకు 6వ తేదీ ఉదయం నిల్వ 4,300. హమాలీలకు 1,200 ఇచ్చారు. సరుకు తెచ్చినాయనకు 18,000 ఇచ్చారు. పుస్తకం మైనస్ 14,900 చూపిస్తుంది. యజమానిని అడిగితే "అదేటండీ, ఆ రోజు కౌంటర్ బాగానే అయ్యింది కదా" అంటారు. నిజంగానే అయ్యింది. 21,500 వచ్చింది, కానీ ఆ చీటీ 8వ తేదీ కట్టలో కలిసిపోయి 8వ తేదీ అమ్మకంగా ఎక్కింది. ఇది తేదీ తప్పు. చీటీ చూసి పద్దును 6కు మార్చితే సరిపోతుంది.

అన్నిసార్లూ ఇంత సులువుగా తేలదు. 18,000లో 10,000 ఇంట్లోవాళ్ళ ఫోన్‌పే నుంచి వెళ్ళి ఉండొచ్చు. అప్పుడు అది షాపు నగదు కాదు, యజమాని సొంత డబ్బు షాపులోకి వచ్చినట్టు. క్యాపిటల్ ఖాతాకు (యజమాని పెట్టుబడి) జమ రాసి, అక్కడి నుంచి సరఫరాదారుకు చెల్లింపు చూపాలి. బావమరిది దగ్గర చేబదులు తెచ్చి ఉంటే అప్పు ఖాతా తెరవాలి. ఆ అప్పు 20,000 లేదా అంతకు మించితే నగదుగా తీసుకోవడానికే చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారా రావాలి. అరువు మీద వచ్చిన బిల్లును పొరపాటున నగదు కొనుగోలుగా ఎక్కించడం ఇంకో కారణం. అలాంటప్పుడు డబ్బు పుస్తకంలో రెండుసార్లు వెళ్ళిపోతుంది, ఒకసారి బిల్లు రోజున, ఇంకోసారి నిజంగా కట్టిన రోజున.

మైనస్ పోవాలని నెల చివర "యజమాని తెచ్చినది" అని ఒక గుండు పద్దు వేయడం చాలాచోట్ల చూస్తాను. దయచేసి వేయకండి. ఆ డబ్బు ఎక్కడిదని ఆదాయపు పన్ను అధికారి అడిగిన రోజు చూపడానికి ఏమీ ఉండదు.

ఇదే 18,000 పద్దులో ఇంకో తప్పు కూడా ఉంది. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. ముక్కలుగా ఇచ్చినా ఆ రోజు మొత్తమే చూస్తారు. లారీ కిరాయికి ఈ పరిమితి 35,000. పంట పండించిన రైతుకే నేరుగా ఇచ్చే డబ్బుకు మినహాయింపు ఉంది. ఇది పుస్తకంలో సవరించి తప్పించుకునేది కాదు. వచ్చే నెల నుంచి ఆ సరఫరాదారుకు బ్యాంకులోనే వేయమని యజమానికి చెప్పి ఒప్పించాలి. అది కూడా గుమస్తా పనే.

బ్యాంకు స్టేట్‌మెంటుకూ పుస్తకానికీ పొంతన లేదు

యూపీఐ వచ్చాక ఈ తేడా రూపం మారింది. చెక్కుల రోజుల్లో ఏ చెక్కు ఇంకా మారలేదో చూసుకుంటే చాలేది. ఇప్పుడు రోజుకు నలభై చిన్న జమలు పడతాయి. రాత్రి వచ్చినవి మర్నాటి తేదీతో కలిపి ఒకే మొత్తంగా దిగుతాయి. సౌండ్ బాక్సు అద్దె ఎప్పుడో ఒకరోజు మధ్యలో కోసుకుపోతుంది. కౌంటర్ మీద ఉన్న రెండో క్యూఆర్ కొడుకు సేవింగ్స్ ఖాతాది అని మూడో నెల దాకా ఎవరూ చెప్పరు.

రోజుకు ఒక్క పద్దు రాయండి. ఆ రోజు యూపీఐ అమ్మకం మొత్తాన్ని "యూపీఐ రావాల్సినది" అనే ఖాతాలో వేసి, బ్యాంకులో దిగినప్పుడు దాన్ని తీసేయండి. నెలాఖరున ఆ ఖాతాలో చివరి రోజు మొత్తమే మిగలాలి. అంతకు మించి ఉంటే ఏ రోజుదో వెతకడం తేలిక. కొడుకు క్యూఆర్‌ను మాత్రం కౌంటర్ నుంచి తీయించేయండి. అందులో పడిన షాపు అమ్మకం కూడా అమ్మకమే, దానికీ పన్ను ఉంది.

తేడా మిగిలిపోతే పాత గుమస్తాలు చేసే పని చేయండి. తేడాను 9తో భాగించి చూడండి. సరిగ్గా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు. 5,400ను 4,500 అని రాస్తే తేడా 900. పోకపోతే తేడాలో సగం మొత్తం ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే అది జమకు బదులు ఖర్చు వైపు పడింది. సంతల నుంచి ఒడియా అంకెలతో వచ్చే చీటీలు ఉంటే, అవి చదవగలిగిన మనిషి చేత పక్కనే మామూలు అంకెల్లో రాయించి అప్పుడు ఎక్కించండి. ఊహించి ఎక్కించకూడదు.

బిల్లు చేతిలో ఉంది, పన్ను కట్టాం, 2బిలో మాత్రం లేదు

సరిహద్దు షాపుల్లో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకోవాలంటే (ఈ తగ్గింపునే క్రెడిట్ అంటారు) ఆ బిల్లు మన జీఎస్టీఆర్-2బిలో, అంటే అమ్మినవాళ్ళ రిటర్నుల నుంచి పోర్టల్ మనకు తయారుచేసే కొనుగోళ్ళ జాబితాలో, కనిపించాలి. 2022 జనవరి 1 నుంచి చట్టంలో ఇది ఉంది. చేతిలో బిల్లు ఉంటే చాలదు. 2బి ప్రతి నెలా 14న తయారవుతుంది. ఆ రోజు దాన్ని దించుకుని కొనుగోలు పుస్తకంతో ఒక్కో బిల్లూ పోల్చండి. కనపడని బిల్లుకు కారణం ఈ కింది వాటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

మొదటిది, అమ్మినాయన రిటర్ను ఆలస్యంగా వేశారు. నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కు గడువు 11. అది దాటి వేస్తే బిల్లు వచ్చే నెల 2బిలో వస్తుంది. టర్నోవరు 5 కోట్ల లోపున్న చాలామంది మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసే క్యూఆర్ఎంపీ పద్ధతిలో ఉంటారు. వాళ్ళు మొదటి రెండు నెలల బిల్లులను 13లోపు ఐఎఫ్ఎఫ్‌లో (ఆ నెల బిల్లులు మాత్రం పెట్టే పోర్టల్ సదుపాయం) పెట్టకపోతే మూడో నెల అయ్యాకగానీ మనకు కనపడవు. ఇది తప్పు కాదు, ఆలస్యమే. కానీ పార్వతీపురంలో మీకు ఎప్పుడూ సరుకిచ్చే హోల్‌సేలర్ ఈ పద్ధతిలో ఉంటే, నెలనెలా ఐఎఫ్ఎఫ్ పెట్టమని ఆయన్ని అడగండి. పెడతారు. ఎవరూ అడగరు కనుకే పెట్టడం లేదు.

రెండోది, మన నంబరు తప్పుగా వేశారు, లేదా నంబరే వేయకుండా మామూలు కస్టమరుకు అమ్మినట్టు చూపారు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, ఛత్తీస్‌గఢ్ 22. ఒకే యజమానికి ఇచ్ఛాపురంలోనూ బరంపురంలోనూ షాపులుంటే అమ్మినాయన కంప్యూటర్లో 37 నంబరే ఉండిపోతుంది. సరుకు బరంపురం వస్తుంది, క్రెడిట్ ఇచ్ఛాపురం ఖాతాకు పోతుంది. బిల్లు చేతికి రాగానే ఆ రెండు అంకెలు చూసే అలవాటు చేసుకోండి. కౌంటర్ కుర్రాడికి కూడా నేర్పండి.

మూడోది, ఐఎంఎస్‌లో, అంటే అమ్మినవాళ్ళు పెట్టిన బిల్లులను మనం ఒప్పుకునే లేదా కాదనే పేజీలో, తిరస్కరించిన బిల్లు. 2024 అక్టోబర్ నుంచి పోర్టల్లో ఈ పేజీ ఉంది. తెలియక ఎవరైనా "రిజెక్ట్" నొక్కితే ఆ బిల్లు క్రెడిట్‌లోకి రాదు. 3బి (పన్ను లెక్కగట్టి కట్టే జీఎస్టీఆర్-3బి రిటర్ను) వేయకముందే ఐఎంఎస్‌లో దాన్ని మళ్ళీ ఒప్పుకుని 2బిని తిరిగి లెక్కగట్టిస్తే వచ్చేస్తుంది.

నాలుగోది మన ప్రాంతంలోనే ఎక్కువగా వచ్చేది. బిల్లు 2బిలో కనిపిస్తుంది, కానీ "క్రెడిట్ దొరకదు" అనే భాగంలో ఉంటుంది. బిల్లు తీసి చూడండి. విశాఖపట్నం షాపు 40,000 విలువైన ఫ్యాన్లకు 18 శాతం పన్ను వేసింది, 7,200. మొత్తం సరిగ్గానే ఉంది. రాష్ట్రం దాటే అమ్మకానికి ఐజీఎస్టీ వేస్తారు, ఒకే రాష్ట్రంలోపలి అమ్మకానికి కేంద్రం వాటాగా సీజీఎస్టీ, రాష్ట్రం వాటాగా ఎస్జీఎస్టీ వేస్తారు. కానీ ఇక్కడ ఐజీఎస్టీ 7,200 అని ఉండాల్సిన చోట సీజీఎస్టీ 3,600, ఎస్జీఎస్టీ 3,600 అని ఉంది. ఆ ఎస్జీఎస్టీ ఆంధ్ర ఖజానాకు పోయింది. ఒడిశాలో నమోదైన షాపుకు ఆ రెండూ క్రెడిట్‌గా రావు. మన వైపు నుంచి చేయగలిగింది లేదు. అమ్మినాయనే సరిచేయాలి.

ఆయనకు ఫోను చేస్తే వచ్చే జవాబు దాదాపు ఇలాగే ఉంటుంది: "పన్ను కట్టేశాను కదండీ, ఏ పేరుతో కడితే ఏటి?" అప్పుడు కోప్పడొద్దు. "షావుకారు గారూ, మీరు కట్టిన పన్ను మీకు పోదు. సరుకు ఒడిశాకు వచ్చింది కాబట్టి ఐజీఎస్టీ కట్టాలి. మీ జీఎస్టీఆర్-1 సవరణ పట్టికలో ఈ బిల్లుకు సరుకు చేరిన రాష్ట్రం 21 ఒడిశా అని మార్చండి. తప్పుగా కట్టిన సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ మీకు రీఫండ్ వస్తుంది. ఐజీఎస్టీ మీద వడ్డీ కూడా ఉండదు" అని చెప్పండి. వడ్డీ లేదనే మాట వినగానే చాలామంది మెత్తబడతారు. రీఫండ్ దరఖాస్తుకు ఐజీఎస్టీ కట్టిన తేదీ నుంచి రెండేళ్ళ గడువు ఉందని కూడా చెప్పండి.

సవరించే దాకా ఆ 7,200ను క్రెడిట్ ఖాతాలో వేయకండి. "సరఫరాదారు సవరించాల్సిన పన్ను" అని వేరే ఖాతాలో ఉంచి, ప్రతి నెలా ఆ ఖాతాను యజమానికి చూపించండి. కాగితం మీద ఆ మొత్తం కనిపిస్తుంటే వచ్చే పేమెంటు ఆపి మాట్లాడటానికి ఆయనకు ఒక ఆధారం ఉంటుంది.

హోటల్ బిల్లు మాత్రం వేరే. సరుకు కొనడానికి విశాఖపట్నం వెళ్ళి అక్కడ గది తీసుకుంటే ఆంధ్ర సీజీఎస్టీ, ఎస్జీఎస్టీయే వేస్తారు. అది సరైన పన్నే, ఎందుకంటే గది అక్కడే ఉంది. దాన్ని సవరించమని అడగకండి. పన్నుతో కలిపి ప్రయాణ ఖర్చుకు రాసేయండి.

ఇచ్ఛాపురం కస్టమరుకు ఏ పన్ను వేయాలో కౌంటర్లో తెలియడం లేదు

లక్షణం ఇలా ఉంటుంది: అమ్మకాల రిజిస్టర్లో ఒకే రకం కస్టమర్లకు కొన్ని బిల్లులు ఐజీఎస్టీతో, కొన్ని సీజీఎస్టీ, ఎస్జీఎస్టీతో ఉంటాయి. ఎందుకని అడిగితే ఆ రోజు కౌంటర్లో ఎవరు కూర్చున్నారనేదే కారణం.

2023 అక్టోబర్ 1 నుంచి నియమం స్పష్టంగా ఉంది. కొనేవాళ్ళకు జీఎస్టీ నంబరు లేకపోతే, బిల్లు మీద రాసిన చిరునామాను బట్టి పన్ను. చిరునామా రాయకపోతే షాపు ఉన్న రాష్ట్రం పన్నే. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే. అంటే ఇచ్ఛాపురం ఆవిడ వచ్చి చీర కొనుక్కుని చేత్తో పట్టుకుపోతే, బిల్లు మీద చిరునామా లేకపోతే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ. పెళ్ళికి పది పట్టుచీరలు తీసుకుని బిల్లు మీద "ఇచ్ఛాపురం, ఆంధ్రప్రదేశ్" అని రాయించుకుంటే ఐజీఎస్టీ. బిల్లు 50,000 లేదా అంతకు మించితే పేరూ చిరునామా రాయడం తప్పనిసరి, కాబట్టి పెద్ద బిల్లుల్లో ఎంచుకునేది ఏమీ ఉండదు. జీఎస్టీ నంబరున్న ఆంధ్ర షాపుకు సరుకు పంపిస్తే ఎలాగూ ఐజీఎస్టీయే.

తప్పు బిల్లు ఆ నెలలోనే దొరికితే క్రెడిట్ నోటు ఇచ్చి కొత్త బిల్లు రాయండి. జీఎస్టీఆర్-1 వేసేశాక 3బి వేయకముందు తెలిస్తే, ఆ అమ్మకాలను సవరించే జీఎస్టీఆర్-1ఎ ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన ఈ ఫారం చిన్న షాపులకు నిజంగా మేలు చేసింది. ఇంకా ఆలస్యమైతే పైన చెప్పిన రీఫండ్ దారి.

కాంపొజిషన్ స్కీములో (టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టి, క్రెడిట్ తీసుకోని చిన్న వ్యాపారుల పద్ధతి) ఉన్న షాపులు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాంపొజిషన్ వాళ్ళు బయటి రాష్ట్రం నుంచి కొనవచ్చు, బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. పాతపట్నం షాపుకు సరుకు వేస్తూ కాంపొజిషన్‌లో కొనసాగడం కుదరదు. నమోదే లేని చిన్న షాపులకూ ఇదే ఇబ్బంది. ఒడిశాలో సరుకు అమ్మేవాళ్ళకు 40 లక్షల దాకా నమోదు అక్కర్లేదన్నది ఆ రాష్ట్రంలోపల అమ్మేవాళ్ళకు. సరిహద్దు దాటి సరుకు అమ్మితే టర్నోవరు ఎంతైనా నమోదు కావాలి.

సరుకు ఒకచోట మైనస్, ఇంకోచోట ఎక్కువ

షాపు బరంపురంలో, గోడౌన్ ఇచ్ఛాపురంలో ఉన్నవాళ్ళకు ఇది ప్రతి నెలా వస్తుంది. అన్నదమ్ములు ఆటోలో సరుకు అటూ ఇటూ మారుస్తారు, కాగితం రాయరు. "మనదే కదా, మనకే బిల్లేటి" అంటారు. జీఎస్టీ లెక్కలో ఒకే పాన్ మీదైనా రెండు రాష్ట్రాల నమోదులు ఇద్దరు వేరు వ్యాపారుల కిందే లెక్క. గోడౌన్ నుంచి షాపుకు సరుకు వెళ్ళిన ప్రతిసారీ ఐజీఎస్టీ బిల్లు రాయాలి. తీసుకున్న షాపు ఆ పన్నంతా క్రెడిట్ తీసుకోగలిగితే బిల్లులో వేసిన ధరనే ఒప్పుకుంటారు, కాబట్టి ధర ఎంత వేయాలని తలపట్టుకోనక్కర్లేదు. కట్టిన పన్ను ఇంట్లోనే తిరుగుతుంది.

ఈ-వే బిల్లు (దారిలో సరుకు వెంట ఉండాల్సిన పత్రం) మర్చిపోకండి. సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 దాటితే కావాలి. 46,000 సరుకుకు 18 శాతం వేస్తే 54,280 అవుతుంది, దాటినట్టే. పక్క ఊరే కదా, యాభై కిలోమీటర్లు కూడా లేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఆ యాభై కిలోమీటర్ల సడలింపు ఒకే రాష్ట్రంలోపల, సరుకును ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దాకా చేర్చడానికి మాత్రమే. అదీ వాహనం నంబరు వివరాల వరకే.

క్రెడిట్ నిండుగా ఉంది, అయినా పోర్టల్ డబ్బు కట్టమంటోంది

ఆంధ్ర నుంచి కొని ఒడిశాలో అమ్మే షాపుకు ఐజీఎస్టీ క్రెడిట్ ఎక్కువ ఉంటుంది, కట్టాల్సింది సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ. ఐజీఎస్టీ క్రెడిట్‌ను ముందు పూర్తిగా వాడాలి. దాన్ని సీజీఎస్టీకీ ఎస్జీఎస్టీకీ ఎంతెంత పంచాలన్నది మన ఇష్టం. కానీ సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్జీఎస్టీ కట్టలేం. చిక్కు ఇక్కడే వస్తుంది.

కట్టాల్సింది సీజీఎస్టీ 22,000, ఎస్జీఎస్టీ 22,000 అనుకోండి. చేతిలో ఐజీఎస్టీ క్రెడిట్ 30,000, మిగతా రెండూ 8,000 చొప్పున. మొత్తం 46,000 ఉంది, కట్టాల్సింది 44,000. ఐజీఎస్టీలో 22,000 సీజీఎస్టీకే పెట్టేస్తే ఎస్జీఎస్టీకి 8,000 మిగులుతుంది. దానికి ఎస్జీఎస్టీ క్రెడిట్ 8,000 కలిపినా ఇంకా 6,000 నగదు కట్టాలి, సీజీఎస్టీ క్రెడిట్ 8,000 ఊరికే పడి ఉంటుంది. 15,000 చొప్పున పంచితే నగదు సున్నా. 3బిలో పోర్టల్ చూపే పంపకాన్ని మార్చుకోవచ్చు. క్రెడిట్‌తో పన్ను తీర్చే ఆఫ్‌సెట్ బటన్ నొక్కేముందు ఒక్క నిమిషం ఆగి లెక్క చూసుకోండి. క్యాష్ లెడ్జర్లో (పోర్టల్లోని మన నగదు ఖాతా) తప్పు పద్దు కింద డబ్బు కట్టేసి ఉంటే పీఎంటీ-09 ఫారంతో ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చవచ్చు.

ఎవరూ బిల్లులో వేయని పన్ను బకాయిగా తేలింది

రివర్స్ చార్జి. అమ్మినవాళ్ళు వేయరు, కొన్న మనమే కట్టాలి. చిన్న షాపుల్లో ఇది మూడుచోట్ల తగులుతుంది.

ఒకటి జీడిపిక్కలు. గజపతి జిల్లా కొండల నుంచి పిక్కలు కొని పలాస పంపే పర్లాకిమిడి వ్యాపారులకు ఇది బాగా కావాల్సిన సంగతి. రైతు దగ్గర నేరుగా, వలవని జీడిపిక్కలు కొంటే నమోదైన వ్యాపారి 5 శాతం పన్ను తానే కట్టాలి. రైతు బిల్లు ఇవ్వడు కనుక మన పేరున మనమే బిల్లు రాసుకోవాలి. పన్ను నగదుగానే కట్టాలి, క్రెడిట్‌తో కట్టకూడదు. కట్టింది అదే నెలలో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. డబ్బు తిరిగి వచ్చేదే, కానీ ముందు చేతిలో ఉండాలి. కొనుగోలు చీటీ మీద రైతు పేరు, ఊరు తప్పకుండా రాయించండి. పది ఊళ్ళ పిక్కలు పోగుచేసి తెచ్చిన మారుబేరగాడి దగ్గర కొన్నది రైతు దగ్గర కొన్నట్టు కాదు. రెండింటినీ ఒకే ఖాతాలో కలిపేస్తే తర్వాత విడదీయలేరు.

రెండోది షాపు అద్దె. ఇంటాయనకు జీఎస్టీ నమోదు లేకపోతే, నమోదున్న షాపు వాణిజ్య అద్దె మీద 18 శాతం కట్టాలి. 2024 అక్టోబర్ 10 నుంచి ఇది అమల్లో ఉంది. కాంపొజిషన్ వాళ్ళను తర్వాత మినహాయించారు.

మూడోది లారీ. బిల్టీ (సరుకు రవాణా రసీదు) ఇచ్చే ట్రాన్స్‌పోర్టు వాళ్ళు బిల్లులో జీఎస్టీ వేయకపోతే మనం 5 శాతం కట్టాలి. బిల్టీ ఏమీ ఇవ్వకుండా సొంత బండి తోలుకునే మనిషికి ఇచ్చే కిరాయికి ఇది వర్తించదు. అందుకే కిరాయి ఓచరుకు బిల్టీ పిన్ను కొట్టి ఉంచమంటాను.

లాభం కనిపిస్తోంది, చేతిలో డబ్బు లేదు

యజమానులు బాధతో అడిగే ప్రశ్న ఇది. ఓపిగ్గా జవాబు చెప్పాలి. డబ్బు పోయేది ఎక్కువగా నాలుగు దారుల్లో. అరువు పెరిగింది, సరుకు పెరిగింది, ఇంటికి వాడుకున్నారు, అప్పు తీర్చారు. ఈఎంఐలో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు ఖర్చు కాదు. మొత్తం ఈఎంఐని ఖర్చులో రాసేసే పుస్తకాల్లో లాభం తక్కువ కనిపిస్తుంది, అప్పు ఎప్పటికీ తగ్గదు. బ్యాంకు నుంచి వాయిదాల పట్టిక తెచ్చుకుని ప్రతి నెలా విడగొట్టండి. పిల్లల ఫీజు, ఇంటి సామాను డ్రాయింగ్స్‌లోకి (యజమాని సొంతానికి వాడుకున్నది) వెళ్ళాలి. నెలాఖరున ఈ నాలుగు అంకెలూ ఒక చీటీ మీద తెలుగులో రాసి యజమాని చేతికివ్వండి. లాభనష్టాల పట్టిక చదవని మనిషి కూడా ఆ చీటీ చదువుతారు.

కొన్న సరుకుకు మనం డబ్బు ఆపితే అదీ లెక్కలోకి వస్తుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. చెల్లించాక మళ్ళీ తీసుకోవచ్చు. బాకీల జాబితాను 150 రోజుల దగ్గర ఒకసారి వడపోయండి.

నోటీసు వచ్చిందని నెలల తర్వాత తెలిసింది

జీఎస్టీ ప్రొఫైల్లో ఉన్న ఫోను, మెయిల్ పాత అకౌంటెంటువి అయ్యుంటాయి. ఆయన మానేసి ఏడాదైంది. రిటర్ను వేయలేదని వచ్చే 3ఎ నోటీసుకు 15 రోజులే గడువు. అది ఆయన మెయిల్లో చదవకుండా పడి ఉంటుంది. ఈ రోజే లాగిన్ అయి ఆ రెండూ యజమానివిగా మార్చండి. పాస్‌వర్డు కూడా పోతే షాపు పరిధిలోని జీఎస్టీ అధికారి దగ్గరకు గుర్తింపు కాగితాలతో వెళ్ళి మార్పించుకోవాలి. ఓటీపీ యజమాని ఫోనుకే రావాలి. నెలకోసారి వచ్చే మాలాంటి వాళ్ళ ఫోనుకు రావడం మాకు సౌకర్యమే, కానీ షాపుకు మంచిది కాదు.

కాగితాలు 18వ తేదీన వచ్చాయి

పైన రాసిన తేడాల్లో చాలావాటికి మూలం ఇదే. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన ఆదాయపు పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బి. మూడు నెలల పద్ధతిలో ఉన్నవాళ్ళకు ఒడిశాలో 3బి గడువు 24, ఆంధ్రలో 22. వాళ్ళు మొదటి రెండు నెలల పన్ను 25న కట్టాలి. రెండువైపులా షాపులున్న అన్నదమ్ములు ఈ రెండు రోజుల తేడా దగ్గర తరచూ పొరబడతారు. 3బి ఆలస్యమైతే రోజుకు 50, అమ్మకం లేని రిటర్నుకు 20, నగదుగా కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ.

కాబట్టి అమ్మకాల కట్ట 3లోపు, కొనుగోళ్ళు 8లోపు ఇవ్వమని ఒప్పందం అప్పుడే చెప్పండి. వాట్సాప్‌లో ఫొటోలు తీసుకుంటాను, కానీ ఫొటోలో జీఎస్టీ నంబరు, తేదీ, పన్ను పద్దులు మూడూ స్పష్టంగా కనపడాలి. ఏ పని ఎవరిదో కూడా అప్పుడే రాసుకోండి. పుస్తకాలు, 2బి పోలిక, బ్యాంకు పోలిక, బాకీల జాబితా నెలవారీ మనిషివి. ఆడిట్, ఆదాయపు పన్ను రిటర్ను, నోటీసుకు జవాబు సీఏ గారివి. సరుకు లెక్క పెట్టడం షాపువాళ్ళ పని. ఇంకెవరూ అది చేయలేరు.

గత ఏడాది బిల్లుల్లో 2బికి రానివి, అమ్మినవాళ్ళు సవరించనివి ఇంకా ఏవైనా ఉంటే క్రెడిట్‌కూ సవరణకూ కూడా నవంబర్ 30 ఆఖరు. "సరఫరాదారు సవరించాల్సిన పన్ను" ఖాతాను సెప్టెంబర్లోనే ప్రింటు తీసి ఒక్కొక్కరికీ ఫోను చేయడం మొదలుపెట్టండి. దసరా, దీపావళి వారాల్లో విశాఖపట్నం షాపులు ఎవరి ఫోనూ ఎత్తవు.